ఇంగ్లీషువాడూ - టీ కప్పూ

ఇంటికి వచ్చిన మనిషికి మంచినీళ్లు ఇవ్వడం మనకెంత సహజమో, టీ ఇవ్వడం ఇంగ్లీషువాళ్లకు అంత సహజం. శుభవార్త వింటే టీ. అశుభం వింటే టీ. వాన పడుతుంటే టీ. తెరిపి ఇస్తే ఆ సంతోషంలో ఇంకొక టీ. వీధిలో కాలుజారి పడ్డవాణ్ణి లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టి, వైద్యుడు వచ్చేలోపల ముందు ఒక కప్పు టీ చేతికిస్తారు. ఇంతగా ఆ జాతి జీవితంలో కలిసిపోయిన పానీయం వాళ్ల తాతముత్తాతల కాలంనుంచీ ఉన్నదే అయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కాని, చిత్రమేమిటంటే, షేక్‌స్పియరు మహాకవి తన జన్మలో ఒక్క కప్పు టీ రుచి ఎరిగి ఉండడు. ఆయన 1616లో కన్నుమూశాడు. లండనులో టీ దొరుకుతుందని మొట్టమొదటి పత్రికాప్రకటన వెలువడింది 1658లో!

ఆ దేశపు చలికి టీ పంట అనదగ్గంతగా పండదు. తమ నేలమీద పండనిది, పేరు సైతం తమది కానిది, నెలల తరబడి సముద్రంమీద ప్రయాణం చేస్తే గాని చేరనిది - అలాంటి ఆకు రాజుగారి భోజనశాలలోనుంచి బొగ్గుగని కూలివాడి వంటింట్లోకి ఎలా దిగివచ్చింది? నిరుడు వేసవి సెలవుల్లో లండనులో కొన్నాళ్లు గడిపే అవకాశం కలిగినప్పుడు, ఈ ప్రశ్నను వెంటబెట్టుకుని నాలుగైదు రోజులు ఆ ఊరి వీధులు తిరిగాను. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు, "ఎవరు వచ్చినా రాజుగారి కోట చూపించమంటారు. మీరేమిటి మామయ్యా, టీ కొట్లు చూస్తానంటారు!" అని నవ్వాడే గాని, సెలవుపెట్టి మరీ తోడు వచ్చాడు.

సందులో రాతిపలక

మా యాత్ర బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకు కూతవేటు దూరంలో, చేంజ్ ఆలీ అనే సందులో మొదలయింది. రెండువైపులా ఆకాశాన్నంటే కార్యాలయ భవనాలు. మధ్యాహ్నంపూట కూడా ఎండ పడని ఇరుకుసందు. గోడమీద ఒక రాతిపలక తప్ప చూడవలసినదేమీ లేదు. 'గారవే కాఫీ హోటలు ఇక్కడ ఉండేది' అని ఆ పలక చెబుతుంది. ఇంగ్లండులో టీ అమ్మిన మొదటి వర్తకుల్లో ఈ గారవే ఒకడు.

ఆయన టీని అమ్మింది పానీయంగా కంటే మందుగానే అనాలి. తలనొప్పి పోతుంది, చూపు తేటపడుతుంది, జ్ఞాపకశక్తి పెరుగుతుంది అంటూ 1660 ప్రాంతాల ఆయన వేసిన కరపత్రం చదివితే మన తిరునాళ్లలో మందులమ్మేవాళ్లు గుర్తుకు వస్తారు. ధరో! పౌను ఆకు, అంటే మన లెక్కన అరకిలోకు కాస్త తక్కువ, 16 షిల్లింగులనుంచి 50 షిల్లింగుల దాకా. అంతకుముందు పౌను ఆకు ఆరు, పది నవరసుల దాకా పలికేదని కూడా ఆయనే రాసుకున్నాడు. కష్టజీవి కంటితో చూడవలసిందే గాని నోటితో ఎరిగే సరుకు కాదు.

1658 నాటి ప్రకటనలో ఒక విశేషం ఉంది. చైనావాళ్లు ఈ పానీయాన్ని 'చా' అంటారనీ, ఇతర దేశాలవాళ్లు 'టే' అనీ 'టీ' అనీ అంటారనీ అందులో ఉంది. తెలుగు పాఠాలు చెప్పుకునే నావంటివాడికి ఇది పంచదారకంటే తీపి. చైనాలో అక్షరం ఒక్కటే, ఉచ్చారణలు రెండు. ఫుకియెన్ తీరపు రేవులనుంచి ఓడలెక్కిన సరుకు 'తే' అనే పేరుతో బయలుదేరింది. డచ్చివాళ్లు దాన్ని ఐరోపాకు మోశారు. ఇంగ్లీషు 'టీ' అలా వచ్చింది. అరవంలో 'తేయిలై', మన 'తేయాకు' కూడా ఆ తీగకు కాసినవే. నేలదారిన పోయిన సరుకు 'చా'గా బయలుదేరి, పారశీకంలో 'చాయ్' అయి, ఉర్దూతోపాటు హైదరాబాదు చేరింది. బెజవాడలో 'ఒక టీ' అన్నా, చార్మినారు దగ్గర 'ఏక్ చాయ్' అన్నా మనం పలుకుతున్నది ఒకే చైనా మాట. ఒకటి సముద్రందారిన వచ్చింది, ఇంకొకటి కొండదారిన వచ్చింది. అంతే తేడా.

ఆనాటి లండనులో దినచర్య రాసుకున్న శామ్యూల్ పీప్స్ అనే నౌకాశాఖ ఉద్యోగి, 1660 సెప్టెంబరు 25న తాను ఇదివరకెన్నడూ ఎరగని చైనా పానీయం ఒక కప్పు తెప్పించుకున్నానని రాసుకున్నాడు. రుచి ఎలా ఉందో మాత్రం చెప్పలేదు! రెండేళ్లకు, 1662లో, రెండవ చార్లెస్ రాజు పోర్చుగల్ రాకుమారి కాథరీన్‌ను పెళ్లాడాడు. ఆమెకు పుట్టింట్లోనే టీ అలవాటు. కట్నంలో భాగంగా బొంబాయి ద్వీపాన్ని, అలవాటుగా టీని ఆమె అత్తవారింటికి తెచ్చింది. ఏది ఎక్కువ కాలం నిలిచిందో మనకు తెలుసు - బొంబాయి 1947లో చేజారింది, టీ మిగిలింది. 1664లో ఈస్టిండియా కంపెనీ రాజుగారికి సమర్పించిన కానుకలో టీ ఎంతనుకున్నారు? రెండు పౌన్ల రెండు ఔన్సులు. కిలోకు కూడా కాస్త తక్కువే. అంత అపురూపం.

తాళంచెవి ఎవరి దగ్గర?

అక్కడినుంచి పడమటగా నడిస్తే, ఫ్లీట్ వీధి దాటి స్ట్రాండు వీధి వస్తుంది. 216వ నెంబరు ఇల్లు ట్వైనింగ్స్ వారి కొట్టు. 1706లో థామస్ ట్వైనింగ్ ఇక్కడ కాఫీ హోటలు కొన్నాడు. ఆ వంశం పేరుతో ఆ చోటనే నేటికీ టీ అమ్ముతున్నారు. గుమ్మం మీద బంగారు రంగు సింహం. ఇరుపక్కలా చైనా మనుషుల బొమ్మలు. లోపల కొట్టు మన అగ్రహారపు ఇంటి వసారాలాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెండువైపులా అరలనిండా టీ పెట్టెలు.

ఆనాటి కాఫీ హోటళ్లు మగవాళ్ల రాజ్యం. వ్యాపారం, రాజకీయం, పుకారు - అన్నీ అక్కడే. మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు అక్కడ కూర్చునే ఆచారం లేదు. కాని ఆకు కొనుక్కుపోయి ఇంట్లో కాచుకోవడానికి అడ్డేముంది? టీ పడకటింటి పక్క గదిలోకి, ముందుగదిలోకి చేరిన రోజునే అది ఇల్లాలి చేతికి వచ్చింది. ఖరీదైన సరుకు కాబట్టి తాళం వేసే చిన్నపెట్టెలో దాచేవారు. ఆ తాళంచెవి యజమానురాలి దగ్గరే ఉండేది. వంటమనిషిని నమ్మి ఇచ్చేవారు కాదు. అతిథుల ఎదుట ఆమే పెట్టె తెరిచి, ఆకు కొలిచి, కాచి, పోసి ఇవ్వాలి. మన ఇళ్లలో ఆవకాయ జాడీ మీద పెద్దమ్మలకు ఉన్న అధికారం వంటిదే ఇదీ!

ఈ వేడుక అందరికీ నచ్చలేదు. స్ట్రాండునుంచి వెనక్కి నాలుగడుగులు వేస్తే, గఫ్ స్క్వేరులో ఇంగ్లీషు నిఘంటుకర్త డాక్టర్ జాన్సన్ నివసించిన ఇల్లు ఉంది. ఇప్పుడది ప్రదర్శనశాల. 1756లో జోనస్ హాన్వే అనే పరోపకారి టీమీద కత్తి కట్టి ఒక వ్యాసం రాశాడు. టీ ఆరోగ్యాన్ని చెరుస్తుంది, ఆడవాళ్ల అందాన్ని పాడుచేస్తుంది, కూలీలను సోమరులను చేస్తుంది అని ఆయన అభియోగం. లండను వీధుల్లో నలుగురి నవ్వులూ లెక్కచేయక గొడుగు వేసుకుని తిరిగిన తొలి మగవాళ్లలో ఈయన ఒకడు, పట్టుదల మనిషి. జాన్సన్ మరుసటి సంవత్సరమే సమీక్ష రాసి ఎదురుతిరిగాడు. తాను సిగ్గులేని టీ దాసుణ్ణనీ, ఇరవై ఏళ్లుగా తన ఇంట్లో నీళ్లు కాగే గిన్నె చల్లారిన పాపాన పోలేదనీ ఒప్పుకుంటూనే హాన్వేను ఏకిపెట్టాడు. హాన్వే గొడుగు గెలిచింది గాని వ్యాసం ఓడిపోయింది.

ప్యారిష్ ప్రార్థన ఒకవైపు, దొంగసరుకు ఒకవైపు

అయితే నచ్చినంత మాత్రాన పేదవాడి ఇంట్లోకి టీ ఎలా వస్తుంది? దారికి అడ్డంగా సర్కారు నిలబడి ఉంది. యుద్ధాల ఖర్చుకోసం టీమీద పన్ను పెంచుతూ పోయారు. చివరికది 119 శాతం దాకా ఎక్కింది. అంటే నూరు రూపాయల సరుకుకు నూటపంతొమ్మిది రూపాయల పన్ను! పన్ను కొండెక్కితే దొంగరవాణా సముద్రంలో పుడుతుంది. హాలెండు, ఫ్రాన్సు తీరాలనుంచి రాత్రిపూట పడవల్లో టీ దిగేది. చెరువుగట్ల వెంట గుర్రాలమీద పల్లెలకు చేరేది. చర్చి నేలమాళిగల్లో సైతం దాచేవారని చెబుతారు. చవకగా దొరుకుతుంటే అడిగేదెవరు? ఊరంతా ఒక్కటే.

ఇదంతా ఏదో సరదా కథ అనుకోవద్దు. హాకర్స్ట్ ముఠా అని పేరుమోసిన దొంగల గుంపు, 1747 అక్టోబరులో పూల్ రేవులోని సుంకాల కచేరీమీద పడి, తమ దగ్గర సర్కారు పట్టుకున్న టీని తిరిగి ఎత్తుకుపోయింది. సాక్ష్యం చెప్పడానికి బయలుదేరిన ఇద్దరిని ఆ తరువాత ఘోరంగా చంపింది. ఇంకోవైపు కల్తీ. ఒకసారి కాచి పారేసిన ఆకును ఎండబెట్టి రంగు వేసేవారు. కంచెమొక్కల ఆకులు, బూడిదచెట్టు ఆకులు కలిపేవారు. 1777లో ఈ కల్తీకి శిక్ష వేస్తూ ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసివచ్చింది.

1784లో పాతికేళ్ల యువకుడు విలియం పిట్ ప్రధానమంత్రిగా ఉన్నాడు. ట్వైనింగ్ వంశంలోని రిచర్డ్ ట్వైనింగ్ వంటి వర్తకుల సలహా విని, 119 శాతం పన్నును ఒక్క వేటున పన్నెండున్నర శాతానికి దించాడు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఇళ్ల కిటికీలమీద పన్ను పెంచాడు. వెలుతురుకు పన్ను, టీకి మినహాయింపు! దొంగరవాణాకు లాభం లేక అది దానంతట అదే చచ్చిపోయింది. సక్రమంగా రేవులో దిగే టీ ఒకటి రెండేళ్లలోనే రెట్టింపును మించింది. పేదవాడి వాకిట్లో టీ కాలు పెట్టింది నిజానికి ఈ రోజున. ఒక జాతి అలవాటును ఒక చట్టం ఇంతగా మలిచిన ఉదాహరణలు ఎక్కువ ఉండవు.

పంచదార గిడ్డంగి

మరునాడు లండను తూర్పుదిక్కున ఉన్న రేవుప్రాంతానికి వెళ్లాం. 1802లో తెరిచిన వెస్టిండియా రేవుల దగ్గర ఆనాటి ఇటుక గిడ్డంగి ఒకటి ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని ప్రదర్శనశాలగా మార్చారు. లోపల లావుపాటి దూలాలు, తక్కువ ఎత్తు కప్పు. ఒకప్పుడిక్కడ నిండా పంచదార పీపాలుండేవి.

టీ చరిత్రకు పంచదార గిడ్డంగితో ఏమి పని అంటారా? చైనావాళ్లు టీలో పంచదార వేసుకోరు. ఇంగ్లీషువాళ్లు వేసుకున్నారు. రొట్టె తప్ప ఎరగని కూలివాడికి ఆ వేడి తీపినీళ్లు కాసింత బలమిచ్చాయి. చప్పటి భోజనాన్ని వేడిభోజనం అనిపించాయి. చైనా ఆకు ఎంత అమ్ముడుపోతే, వెస్టిండీసు పంచదార అంత అమ్ముడుపోయింది. ఆ పంచదారను జమైకా, బార్బడోసు తోటల్లో పండించినవాళ్లు ఆఫ్రికానుంచి సంకెళ్లతో ఓడలకెక్కించిన బానిసలు. ఆ గిడ్డంగిలో ఒక గది ఈ కథకే కేటాయించారు. గోడమీద బానిసల ఓడల పట్టిక వేలాడుతుంటుంది - ఏ సంవత్సరం ఏ ఓడ బయలుదేరిందో, ఎంతమందిని ఎక్కించారో. పైనుంచి కిందికి చదువుతూ పోతే కళ్లు అలసిపోతాయి గాని పట్టిక అయిపోదు. అక్కడ మా మేనల్లుడు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

అయితే దీనికి ఎదురుతిరిగినవాళ్లూ ఆ దేశంలోనే పుట్టారు. ముఖ్యంగా ఇల్లాళ్లు. 1791లో బానిసవ్యాపారాన్ని రద్దుచేసే బిల్లును పార్లమెంటు తోసిపుచ్చింది. అప్పుడు వెస్టిండీసు పంచదార కొనవద్దని ఉద్యమం లేచింది. దాదాపు మూడు లక్షలమంది దాన్ని మానేశారని ఆ ఉద్యమంలో తిరిగిన క్లార్క్‌సన్ అంచనా వేశాడు. ఓటుహక్కు లేని ఆడవాళ్లకు టీ బల్లే చట్టసభ అయింది. తరువాతి కాలంలో, ఇది బానిసలు చేసిన పంచదార కాదు అని రాసి ఉన్న పంచదార గిన్నెలు వచ్చాయి. వచ్చిన అతిథి ఆ రాత చూడకుండా చెంచా ముంచలేడు! మన విదేశీ వస్త్ర బహిష్కారానికి వందేళ్లపైన ముందు జరిగిన మాట ఇది. బానిసవ్యాపారం 1807లో రద్దయింది. బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833లో వచ్చింది.

తెరచాప ఓడమీద

ఆ రేవునుంచి చిన్నరైలు ఎక్కితే, థేమ్సు నది కిందుగా గ్రీనిచ్ చేరుస్తుంది. అక్కడ గట్టుమీద కట్టీ సార్క్ అనే తెరచాప ఓడను నిలబెట్టి ఉంచారు. 1869లో చైనా టీ తేవడానికే కట్టిన ఓడ. 1870లో మొదటి ప్రయాణంలో 13 లక్షల పౌన్ల టీని షాంఘైనుంచి మోసుకువచ్చింది. కొత్త పంట ముందు తెచ్చినవాడికి ఎక్కువ ధర కాబట్టి ఈ ఓడలు సముద్రంమీద పందెం వేసుకునేవి. కాని దాని జాతకం చూడండి: ఓడ నీళ్లలోకి దిగిన ఆ సంవత్సరమే సూయజ్ కాలువ తెరుచుకుంది. తెరచాప ఓడకు అనువుగాని ఆ దగ్గరదారిని ఆవిరి ఓడలు దక్కించుకున్నాయి. పదేళ్లు తిరగకముందే కట్టీ సార్క్ టీ రవాణానుంచి తప్పుకుని వేరే సరుకులు వెతుక్కుంది.

ఓడ అందంగా ఉంది. అది మోసిన వ్యాపారం వెనకటి కథ అంత అందమైనది కాదు. చైనావాళ్లు టీకి బదులు వెండి అడిగారు; ఇంగ్లీషు సరుకులు వాళ్లకు అక్కరలేదు. ఓడలకొద్దీ వెండి తరలిపోతుంటే ఈస్టిండియా కంపెనీవారు ఒక ఉపాయం కనిపెట్టారు. బీహారులో, కాశీప్రాంతంలో రైతులచేత నల్లమందు పండించి, కలకత్తాలో వేలం వేశారు. దాన్ని కొన్న వర్తకులు చైనాకు దొంగతనంగా చేరవేశారు. అక్కడ వచ్చిన వెండితోనే కాంటనులో టీ కొన్నారు. ఒక దేశానికి ఉత్సాహం, ఇంకొక దేశానికి మత్తు! చైనా చక్రవర్తి అడ్డుపడితే 1839లో యుద్ధం వచ్చింది. 1842లో ఆ యుద్ధం ముగిసేసరికి హాంకాంగు ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది.

ఒకే దేశంమీద ఆధారపడడం ప్రమాదమని తెలిసి, మనదేశంలో తోటలు వేశారు. టీ మొక్క అస్సాం అడవుల్లో స్వతహాగా పెరుగుతున్నదే. అక్కడి సింగ్‌ఫో జాతివాళ్లు దాన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. 1823లో రాబర్ట్ బ్రూస్ ఆ సంగతి వాళ్ల దగ్గర తెలుసుకున్నాడు. 1839 జనవరి 10న అస్సాం టీ ఎనిమిది పెట్టెలు లండను వేలంపాటకు వచ్చాయి. అస్సాం ఆకు చిక్కనిది, ఘాటైనది. పాలూ పంచదారా పోసినా నిలుస్తుంది. సింహళంలో కాఫీ తోటలకు తెగులు తగిలి నాశనమైతే వాటి స్థానంలో టీ వేశారు. 1888 నాటికి బ్రిటన్ చేరే మనదేశపు టీ చైనా టీని మించిపోయింది. ఈనాడు మనం 'ఇంగ్లీషు టీ' అనుకునే ఎర్రటి, పాలు కలిసిన పానీయం ఇలా పుట్టింది. 1900 నాటికి ఆ దేశంలో మనిషికి ఏటా దరిదాపు ఆరు పౌన్ల టీ ఖర్చయ్యేది.

ఈ చవకకు ధర చెల్లించినవాళ్లెవరు? అడవులు కొట్టి తోటలు వేయడానికి అస్సాంలో మనుషులు చాలలేదు. చోటానాగపూరునుంచి, బీహారునుంచి, ఒరిస్సానుంచి, మన గంజాం, విశాఖపట్టణం జిల్లాలనుంచి కూలీలను పట్టుకుపోయారు. కరువునాడు ఊళ్లలోకి వచ్చిన దళారులు 'చెట్టు ఊపితే డబ్బు రాలుతుంది' అన్నంతగా ఆశపెట్టారు. ఒప్పందం కాగితంమీద వేలిముద్ర పడ్డాక, పని మానేయడం జైలుకు పంపే నేరమైంది. 1863కూ 1866కూ మధ్య అస్సాం చేర్చిన సుమారు 85,000 మందిలో ముప్పైవేల పైచిలుకు మంది చనిపోవడమో పారిపోవడమో జరిగింది. నేటికీ అస్సాం తోటల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వాళ్ల ముత్తాతలు శ్రీకాకుళం వైపు పల్లెలు విడిచినప్పుడు టీ అంటే ఏమిటో ఎరగరు.

కార్మికుడూ, హోటలూ, రేషనూ

చవకబడినంత మాత్రాన అలవాటు కుదరదు. దానికి వేళ కావాలి. ఆ వేళను కార్ఖానా ఇచ్చింది. వెనకటి ఇంగ్లీషు పల్లెటూరివాడు పొద్దున్నే పలచటి బీరు తాగి పొలం పోయేవాడు. యంత్రం పక్కన నిలబడేవాడు తూలితే వేళ్లు తెగుతాయి. 1832లో ప్రెస్టన్ పట్టణంలో మద్యనిషేధ ఉద్యమం ఊపు అందుకుంది. వందలమందిని చేర్చి టీ విందులు చేశారు. మరిగించిన నీళ్లలో క్రిములు చస్తాయని అప్పటికి ఎవరికీ తెలియదు గాని, కలరా తిరిగే పట్టణాల్లో అదీ ఒక మేలే. పని మధ్య టీ విరామం వచ్చింది. ఉత్తర ఇంగ్లండులో సాయంత్రపు భోజనానికే 'టీ' అని పేరు స్థిరపడింది. గొప్పవాళ్ల ఇళ్లలో మధ్యాహ్నపు టీకి ఆద్యురాలు బెడ్‌ఫర్డ్ ప్రభువుగారి భార్య ఆనా అని ప్రతీతి. 1840 ప్రాంతాల, రాత్రిభోజనం ఆలస్యమై నాలుగు గంటలకు నీరసం వస్తే ఆవిడ టీ, రొట్టె తెప్పించుకుందట.

1894లో లయన్స్ కంపెనీ పికడిల్లీలో టీ హోటలు తెరిచింది. తెల్లని గోడలు, శుభ్రమైన బల్లలు, అందుబాటు ధర. ఉద్యోగాలకు పోతున్న ఆడపిల్లలు ఒంటరిగా కూర్చుని మర్యాదగా ఏదైనా తినడానికి అప్పటికి అటువంటి చోట్లు తక్కువ. ఓటుహక్కుకోసం పోరాడిన మహిళలు టీ హోటళ్లలోనే కలుసుకుని ఆలోచనలు చేసేవారు. ఇంకొక విడ్డూరం: వ్యాపారపు లెక్కలు చేసిన ప్రపంచపు మొదటి కంప్యూటరు 'లియో'ను 1951లో నడిపించింది ఈ లయన్స్ కంపెనీయే. కంప్యూటరు ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఈ యాత్రలో నచ్చిన సంగతి ఇదొక్కటే!

రెండవ ప్రపంచయుద్ధంలో 1940 జులైనుంచి టీకి రేషను పెట్టారు. మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే యాభైఏడు గ్రాములు. ఆ రేషను 1952 అక్టోబరు దాకా సాగింది. మా మేనల్లుడి పక్కింట్లో ఉన్న పెద్దావిడకు ఎనభై దాటాయి. ఒక సాయంత్రం మమ్మల్ని టీకి పిలిచింది. రేషను తీసేసిన రోజున తల్లి తనకు మొదటిసారి చిక్కటి టీ పోసిందనీ, అంతకుముందు వాడిన ఆకునే ఆరబెట్టి మళ్లీ కాచేదనీ చెప్పింది. దేశమంతా ఇప్పుడు పొట్లాన్ని కప్పులో ముంచి తాగుతుంటే, ఆవిడ మాత్రం పింగాణీ కూజాను ముందు వేడినీళ్లతో తొలిచి, విడి ఆకు వేసి, ఊరనిచ్చి పోసింది. పాలు ముందా, టీ ముందా అని అడిగాను. "అది మా దేశంలో అడగకూడని ప్రశ్న" అని నవ్వింది. జార్జ్ ఆర్వెల్ వంటి రచయిత 1946లో టీ కాచే పద్ధతికి పదకొండు సూత్రాలు రాసి, టీయే ముందు అని తీర్పు చెప్పాడు. ఆ తగవు ఇప్పటికీ తెగలేదు.

ఆవిడ టీ డబ్బామీద 'అస్సాం' అని ఉంది. మా వైపునుంచి ఆ తోటలకు వెళ్లిన మనుషుల సంగతి చెప్పాను. డబ్బాను చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. "డబ్బామీద ఏనుగు బొమ్మ వేశారు. మనుషుల బొమ్మ వేయలేదు" అన్నది. తరువాత మా కప్పులు మళ్లీ నింపింది.

ఈ అలవాటు ఎంత గట్టిదో విద్యుత్తు శాఖవారిని అడగాలి. 1990 జులై 4న పశ్చిమ జర్మనీతో ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆట టెలివిజనులో ముగిసిన క్షణాన, దేశంలో కరెంటు వాడకం ఒక్కసారిగా 2,800 మెగావాట్లు పెరిగింది. ఓడిపోయిన దుఃఖంలో లక్షలాది ఇళ్లలో ఒకేసారి టీకి నీళ్లు పెట్టారన్నమాట! టీ వేలంపాటల వీధి మిన్సింగ్ లేన్ మాత్రం ఇప్పుడు మూగది. లండనులో కడపటి వేలంపాట 1998 జూన్ 29న జరిగింది. అమ్మకం వెళ్లిపోయింది, తాగుడు మిగిలింది.

ఇంగ్లీషువాణ్ణి చూసి మనం నవ్వుకోవలసిన పనీ లేదు. మనదేశంలో పండిన టీని మనచేతనే తాగించడానికి 1930లలో టీ కంపెనీల ప్రచారసంఘం వాళ్లు బండ్లమీద టీ కాచి ఊళ్లలో ఉచితంగా పోశారు. కాచే పద్ధతిని దేశభాషల్లో పలకలమీద రాయించి రైల్వేస్టేషన్లలో తగిలించారు. పొద్దున్నే టీ చుక్క పడకపోతే తల పగిలిపోతుందని అనే మన ఇళ్లలో ఆ తలనొప్పి వయస్సు నిండా నూరేళ్లు లేదు. తాతగారి తరానికి కొత్త, నాన్నగారి తరానికి అలవాటు, మన తరానికి సంప్రదాయం. ఇంగ్లండులో రెండు వందల ఏళ్లు పట్టినది ఇక్కడ మూడు తరాల్లో జరిగిపోయింది. ఆకు కోసే చేతులు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆ తోటల్లోనే ఉన్నాయి. రేపు పొద్దున టీ పొడి డబ్బా తీసినప్పుడు దానిమీద ఏ ఊరి పేరు ఉందో ఒక్కసారి చూడండి. పిల్లలు అడిగితే ఆ ఊరి కథ చెప్పండి.